అనుబంధ సంస్థలపై మాతృసంస్థ నియంత్రణ

ఒక కంపెనీ మరొక కంపెనీలో సగానికి మించిన ఓటు హక్కు కలిగి ఉన్నప్పుడు గానీ, దాని డైరెక్టర్ల బోర్డులో ఎవరు ఉండాలో నిర్ణయించగలిగినప్పుడు గానీ, మొదటి కంపెనీని మాతృసంస్థ లేదా హోల్డింగ్ కంపెనీ అని, రెండవ కంపెనీని అనుబంధ సంస్థ లేదా సబ్సిడరీ కంపెనీ అని అంటారు. మొత్తం వాటాలు మాతృసంస్థ చేతిలోనే ఉంటే దానిని పూర్తి యాజమాన్య అనుబంధ సంస్థ అంటారు.

చట్టం దృష్టిలో మాతృసంస్థ, అనుబంధ సంస్థ రెండు వేర్వేరు వ్యక్తులు. దేని ఆస్తి దానిదే, దేని అప్పు దానిదే. ఆచరణలో మాత్రం అనుబంధ సంస్థ చేసే ముఖ్య నిర్ణయాలు తరచుగా మాతృసంస్థ ఇష్టాన్ని అనుసరించి జరుగుతాయి. చట్టం చెప్పే ఈ వేర్పాటుకు, ఆచరణలో ఉండే అధికారానికి మధ్య గల తేడా వలననే ఈ విషయంలోని నిబంధనలు, వివాదాలు చాలావరకు పుట్టాయి.

నిర్వచనం

భారతదేశంలో ఈ సంబంధాన్ని 2013 కంపెనీల చట్టంలోని 2(87) సెక్షన్ నిర్వచిస్తుంది. దీని ప్రకారం రెండు పరీక్షలు ఉన్నాయి. ఒకటి, బోర్డు కూర్పుపై అధికారం. రెండవది, మొత్తం ఓటు హక్కులో సగానికి మించిన భాగం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. చట్టం మొదట చేసినప్పుడు రెండవ పరీక్షలో "మొత్తం వాటా మూలధనం" అన్న మాట ఉండేది. 2017 సవరణ చట్టం దానిని "మొత్తం ఓటు హక్కు"గా మార్చింది. ఈ మార్పు 2018 మే 7 నుండి అమలులోకి వచ్చింది. దీనితో ఓటు హక్కు లేని పెట్టుబడి ఎంత ఉన్నా, అది ఒక్కటే మాతృసంస్థ హోదా తెచ్చిపెట్టదని స్పష్టమైంది.

అనుబంధ సంస్థకు మరొక అనుబంధ సంస్థ ఉంటే అది కూడా పై మాతృసంస్థకు అనుబంధ సంస్థగానే లెక్కకు వస్తుంది. ఓటు హక్కు 20 శాతం లేదా అంతకు మించి ఉండి, అనుబంధ సంస్థ స్థాయికి చేరనిదానిని సహచర కంపెనీ అంటారు. కంపెనీ పెట్టే శాఖ వీటికి భిన్నమైనది. శాఖకు వేరే చట్టపరమైన అస్తిత్వం లేదు. దాని అప్పులన్నీ నేరుగా కంపెనీవే.

చరిత్ర

ఒక కంపెనీ వేరొక కంపెనీ వాటాలను కొని ఉంచుకోవడం మొదటినుండీ ఉన్న హక్కు కాదు. అమెరికాలో పంతొమ్మిదవ శతాబ్దంలో చాలా రాష్ట్రాలు దీనికి అనుమతి ఇవ్వలేదు. న్యూజెర్సీ రాష్ట్రం 1889లో తన చట్టాన్ని మార్చి, కంపెనీలు ఇతర కంపెనీల వాటాలను సాధారణంగానే కలిగి ఉండవచ్చునని చెప్పింది. దానితో అనేక పెద్ద వ్యాపారాలు అక్కడికి తరలి వచ్చాయి. 1899లో స్టాండర్డ్ ఆయిల్ వ్యాపార కూటమి న్యూజెర్సీ కంపెనీని మాతృసంస్థగా చేసుకున్నది. 1911లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వలన ఈ కూటమి 34 కంపెనీలుగా విడిపోయింది.

1920వ దశకంలో విద్యుత్ రంగంలో అంతస్తులు అంతస్తులుగా హోల్డింగ్ కంపెనీలు వెలిశాయి. శామ్యూల్ ఇన్సల్ నిర్మించిన అటువంటి సామ్రాజ్యం 1932లో కూలిపోయి వేలాది చిన్న పెట్టుబడిదారులు నష్టపోయారు. ఫలితంగా 1935లో విద్యుత్, గ్యాస్ హోల్డింగ్ కంపెనీలను కట్టడి చేసే చట్టం వచ్చింది. ఆ చట్టాన్ని 2005లో రద్దు చేశారు.

అంతస్తుల లెక్క

అంతస్తుల పద్ధతి ఎందుకు ప్రమాదకరమో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. "క" అనే కంపెనీకి "ఖ"లో 51 శాతం, "ఖ"కు "గ"లో 51 శాతం, "గ"కు "ఘ"లో 51 శాతం వాటా ఉన్నదనుకుందాం. అప్పుడు "గ"లో "క" యొక్క అసలు పెట్టుబడి భాగం 26 శాతం మాత్రమే. "ఘ"లో అది 13 శాతం చిల్లర. కానీ బోర్డును నిర్ణయించే అధికారం మాత్రం ప్రతి అంతస్తులోనూ "క"దే. అనగా వంద రూపాయలలో పదమూడు రూపాయలు పెట్టినవారు వంద రూపాయల మీదా పెత్తనం చేయగలరు. నష్టం వస్తే మిగిలిన 87 రూపాయలు ఇతరులవి.

ఈ కారణంగానే భారతదేశంలో 2017 సెప్టెంబరు 20 నుండి అమలులోకి వచ్చిన నియమాలు అనుబంధ సంస్థల అంతస్తులను రెండుకు పరిమితం చేశాయి. ఒక పూర్తి యాజమాన్య అనుబంధ సంస్థ అంతస్తును ఈ లెక్కలో చేర్చరు. బ్యాంకులకు, బీమా కంపెనీలకు, ప్రభుత్వ కంపెనీలకు మినహాయింపు ఉన్నది.

అనుబంధ సంస్థలను ఎందుకు ఏర్పరుస్తారు

* నష్టాన్ని పరిమితం చేయుటకు. కొత్త వ్యాపారం దెబ్బతింటే మాతృసంస్థ పెట్టిన పెట్టుబడి మాత్రమే పోతుంది.
* చట్టం కోరినందువలన. ఉదాహరణకు, బ్యాంకు జీవిత బీమా వ్యాపారాన్ని సొంతంగా చేయాలంటే వేరే కంపెనీ పెట్టవలసి ఉంటుంది.
* విదేశాలలో స్థానిక చట్టాలు, పన్నులు, లైసెన్సులకు అనుగుణంగా నడుచుకొనుటకు.
* వేరొకరితో కలిసి పెట్టుబడి పెట్టుటకు, లేదా వ్యాపారంలో ఒక భాగాన్ని తరువాత సులభంగా అమ్ముటకు.
* కొనుగోలు చేసిన కంపెనీ పేరు, ఒప్పందాలు, ఉద్యోగులు చెదరకుండా ఉంచుటకు.

నియంత్రణ సాధనాలు

వాటాదారుగా ఓటు: డైరెక్టర్ల నియామకం, తొలగింపు సాధారణ తీర్మానంతో జరుగుతాయి. కనుక సగానికి మించిన ఓట్లు చాలు. కంపెనీ నియమావళి మార్పు వంటి వాటికి ప్రత్యేక తీర్మానం కావాలి. అందులో అనుకూల ఓట్లు వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు ఉండాలి. కాబట్టి 51 శాతం వాటాకు, 75 శాతం వాటాకు అధికారంలో చాలా తేడా ఉన్నది.

బోర్డు: మాతృసంస్థ తన అధికారులను అనుబంధ సంస్థ బోర్డులో నియమిస్తుంది. మేనేజింగ్ డైరెక్టరు, ముఖ్య ఆర్థిక అధికారి ఎవరన్నది ఈ బోర్డే నిర్ణయిస్తుంది. అనేక సంస్థలలో ఆర్థిక అధికారి స్థానిక అధిపతికే గాక మాతృసంస్థ ఆర్థిక విభాగానికి కూడా జవాబుదారీగా ఉంటాడు.

అధికారాల పట్టిక: ఎంత మొత్తం వరకు అనుబంధ సంస్థ అధిపతి స్వయంగా ఖర్చు చేయవచ్చు, ఎంత దాటితే మాతృసంస్థ అనుమతి అడగాలి అన్నది ముందుగానే వ్రాసి ఉంచుతారు. కొత్త కర్మాగారం, భూముల అమ్మకం, పెద్ద అప్పులు, న్యాయస్థానాలలో రాజీలు సాధారణంగా ఈ పట్టికలో ఉంటాయి.

ధనం: వార్షిక బడ్జెట్టును మాతృసంస్థ ఆమోదిస్తుంది. లాభాన్ని డివిడెండుగా తీసుకోవాలా, అక్కడే ఉంచాలా అన్నది కూడా ఆచరణలో అదే నిర్ణయిస్తుంది. అనుబంధ సంస్థ బ్యాంకు అప్పుకు మాతృసంస్థ హామీ ఇస్తే, ఆ మేరకు పరిమిత బాధ్యత అనే రక్షణను తానే వదులుకున్నట్లు అవుతుంది.

లెక్కలు, తనిఖీ: నెలవారీ నివేదికలు, అంతర్గత ఆడిట్, అన్ని సంస్థలకు ఒకే గణన పద్ధతి, ఒకే కంప్యూటరు వ్యవస్థ.

పేరు, సాంకేతిక పరిజ్ఞానం: వాటాలతో సంబంధం లేకుండానే ట్రేడ్ మార్కు, పేటెంటు ఒప్పందాల ద్వారా కూడా పట్టు నిలుపుకోవచ్చు. వీటికి అనుబంధ సంస్థ రాయల్టీ చెల్లిస్తుంది.

నియంత్రణ పద్ధతులు

మైకేల్ గూల్డ్, ఆండ్రూ కాంప్‌బెల్ అనే బ్రిటిష్ పరిశోధకులు 1987లో ప్రచురించిన గ్రంథంలో మాతృసంస్థల పద్ధతులను ముఖ్యంగా మూడు రకాలుగా విభజించారు.

వ్యూహ ప్రణాళిక పద్ధతిలో మాతృసంస్థ వ్యాపార ప్రణాళిక తయారీలోనే పాల్గొంటుంది. ఫలితాల విషయంలో కొంత ఓపిక పడుతుంది. ఆర్థిక నియంత్రణ పద్ధతిలో ప్రణాళికను అనుబంధ సంస్థకే వదిలి, లాభ లక్ష్యాన్ని మాత్రం గట్టిగా అడుగుతుంది. వ్యూహ నియంత్రణ పద్ధతి ఈ రెంటికీ నడుమన ఉంటుంది. ప్రణాళిక క్రింది నుండి వస్తుంది, మాతృసంస్థ దానిని పరీక్షించి అంగీకరిస్తుంది, తరువాత లక్ష్యాలను గమనిస్తుంది.

వీటిలో ఏది ఉత్తమమని చెప్పలేము. మొదటి పద్ధతిలో నిర్ణయాలు ఆలస్యమవుతాయి. రెండవ పద్ధతిలో ఈ సంవత్సరపు లాభం కొరకు మరమ్మతులు, శిక్షణ, పరిశోధన వంటి ఖర్చులను తగ్గించే ప్రమాదం ఉన్నది. భద్రతా ప్రమాణాలు ముఖ్యమైన పరిశ్రమలలో ఇది ప్రాణాంతకం కావచ్చు.

భారతదేశపు నిబంధనలు

* అనుబంధ సంస్థ తన మాతృసంస్థ వాటాలను కొనరాదు (19వ సెక్షన్). వారసత్వ ప్రతినిధిగా లేదా ధర్మకర్తగా ఉంచుకున్న వాటాలకు, అనుబంధ సంస్థ కాకముందే ఉన్న వాటాలకు మినహాయింపు కలదు.
* పబ్లిక్ కంపెనీకి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కంపెనీని పబ్లిక్ కంపెనీగానే పరిగణిస్తారు.
* మాతృసంస్థ తన సొంత లెక్కలతో పాటు అన్ని అనుబంధ సంస్థలను కలిపిన ఏకీకృత లెక్కలను కూడా సమర్పించాలి (129వ సెక్షన్). 60 శాతం వాటా గల అనుబంధ సంస్థకు వంద కోట్ల లాభం వస్తే, ఏకీకృత లెక్కలలో వంద కోట్లూ చూపి, అందులో 40 కోట్లు ఇతర వాటాదారులకు చెందుతాయని విడిగా వ్రాస్తారు.
* స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీలకు సెబీ 2015 నిబంధనలు వర్తిస్తాయి. సమూహపు టర్నోవరులో గానీ, నికర విలువలో గానీ 20 శాతానికి మించిన భాగం ఒక నమోదు కాని అనుబంధ సంస్థది అయితే, మాతృసంస్థ స్వతంత్ర డైరెక్టర్లలో కనీసం ఒకరు దాని బోర్డులో కూడా ఉండాలి. నమోదు కాని అనుబంధ సంస్థల బోర్డు సమావేశాల మినిట్స్‌ను మాతృసంస్థ బోర్డు ముందు ఉంచాలి.

ఉదాహరణలు

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్

నిజాం పాలనలో 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా ఏర్పడిన ఈ బ్యాంకును 1956లో రిజర్వు బ్యాంకు తన అనుబంధ సంస్థగా చేసుకొని, పేరును స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌గా మార్చింది. 1959 నాటి అనుబంధ బ్యాంకుల చట్టంతో అది భారతీయ స్టేట్ బ్యాంకుకు అనుబంధ బ్యాంకు అయినది. భారతీయ స్టేట్ బ్యాంకు ఛైర్మను పదవి రీత్యా దీని బోర్డుకు కూడా ఛైర్మనుగా ఉండేవారు. ఖాతాదారులకు ఇది వేరే బ్యాంకు, వేరే శాఖలు, వేరే ఉద్యోగులు. విధానాలలో మాత్రం మాతృబ్యాంకు అడుగుజాడలలో నడిచేది. 2017 ఏప్రిల్ 1న ఇది మరి నాలుగు అనుబంధ బ్యాంకులతో, భారతీయ మహిళా బ్యాంకుతో పాటు మాతృబ్యాంకులో విలీనమైనది. వాటిలో బికనీర్ అండ్ జైపూర్, మైసూర్, ట్రావన్‌కోర్ బ్యాంకులకు ఇతర వాటాదారులు కూడా ఉన్నందున వారికి మాతృబ్యాంకు వాటాలను నిర్ణీత నిష్పత్తిలో ఇచ్చారు. అనుబంధ సంస్థలను విలీనం చేసేటప్పుడు ఇతర వాటాదారులకు న్యాయమైన వెల కట్టడం ఎందుకు ముఖ్యమో దీనివలన తెలుస్తుంది.

కోల్ ఇండియా

1975లో ఏర్పడిన కోల్ ఇండియా ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉన్నది. అస్సాంలోని గనులను నేరుగా చూసుకున్నా, ఉత్పత్తిలో అధిక భాగం ఈస్టర్న్, భారత్ కోకింగ్, సెంట్రల్, వెస్టర్న్, సౌత్ ఈస్టర్న్, నార్తర్న్, మహానది అనే ఏడు అనుబంధ సంస్థల ద్వారా సాగిస్తుంది. గనుల ప్రణాళిక, రూపకల్పన పనిని రాంచీలోని మరొక అనుబంధ సంస్థకు అప్పగించింది. ప్రభుత్వ రంగ సంస్థ కావడం వలన అనుబంధ సంస్థల అధిపతులను నియమించేది కోల్ ఇండియా కాక కేంద్ర ప్రభుత్వం. కనుక మాతృసంస్థపై కూడా మరొక యజమాని ఉన్నట్లు. తెలంగాణలోని సింగరేణి కాలరీస్ కోల్ ఇండియాకు అనుబంధ సంస్థ కాదు. దానిలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటాలు ఉన్నాయి.

డాక్టర్ రెడ్డీస్ - బీటాఫార్మ్

హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ లాబొరేటరీస్ 2006లో జర్మనీలోని బీటాఫార్మ్ అనే మందుల కంపెనీని 48 కోట్ల యూరోలకు కొనుగోలు చేసింది. తరువాత జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థలు టెండర్ల ద్వారా మందులు కొనే పద్ధతి రావడంతో ధరలు బాగా పడిపోయాయి. మాతృసంస్థ తన లెక్కలలో ఈ పెట్టుబడి విలువను తగ్గించి చూపవలసి వచ్చింది. వాటాలన్నీ చేతిలో ఉన్నా, అనుబంధ సంస్థ నడిచే దేశపు విధానాలపై మాతృసంస్థకు అధికారం ఉండదు.

ఇతర వాటాదారుల రక్షణ

అనుబంధ సంస్థలో ఇతరులకు కూడా వాటాలు ఉంటే, మాతృసంస్థకు లాభించేది వారికి నష్టం కావచ్చు. ఎక్కువ ధరకు ముడిసరుకు అమ్మడం, తక్కువ వడ్డీకి అప్పు తీసుకోవడం, రాయల్టీ పెంచడం దీనికి మార్గాలు. అందువలన సంబంధిత పక్షాల మధ్య జరిగే పెద్ద లావాదేవీలలో ఆ పక్షాలు తీర్మానాన్ని ఆమోదిస్తూ ఓటు వేయరాదని సెబీ నిబంధన చెబుతుంది.

2024లో నెస్లే ఇండియా తన స్విట్జర్లాండు మాతృసంస్థకు చెల్లించే రాయల్టీని అమ్మకాలలో 4.5 శాతం నుండి ఐదేళ్ళలో 5.25 శాతానికి పెంచాలని ప్రతిపాదించింది. మాతృసంస్థకు 62 శాతం పైగా వాటా ఉన్నా, ఈ తీర్మానంలో ఆ ఓట్లు లెక్కకు రాలేదు. మిగిలిన వాటాదారులలో ఎక్కువమంది వ్యతిరేకించడంతో ప్రతిపాదన వీగిపోయింది. రాయల్టీ 4.5 శాతం వద్దనే కొనసాగింది.

అనుబంధ సంస్థను కొనే సందర్భంలోనూ ఇటువంటి చిక్కు వస్తుంది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, తన ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌లో మొత్తం వాటాను, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం వాటాను 160 కోట్ల డాలర్లకు కొనాలని నిర్ణయించింది. వాటాదారుల నిరసనతో కొద్ది గంటలలోనే ఆ నిర్ణయాన్ని ఉపసంహరించుకున్నది. 2009 జనవరి 7న సత్యం లెక్కలలోని మోసం బయటపడింది.

బాధ్యత ఎవరిది

1896లో బ్రిటిష్ ప్రభువుల సభ సాలమన్ కేసులో, కంపెనీ దాని వాటాదారుల కంటే వేరైన వ్యక్తి అని తీర్పు చెప్పింది. మాతృసంస్థ కూడా ఒక వాటాదారు మాత్రమే కాబట్టి, అనుబంధ సంస్థ అప్పులకు, తప్పులకు అది బాధ్యత వహించనవసరం లేదన్నది సాధారణ సూత్రం. మోసానికి కంపెనీని ముసుగుగా వాడినట్లు తేలితే న్యాయస్థానాలు ఆ ముసుగు తొలగించి చూస్తాయి. కానీ ఇది అరుదు.

ఈ సూత్రం ఎంత కఠినమైనదో భోపాల్ విషవాయు దుర్ఘటన చూపింది. 1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఇండియా కర్మాగారం నుండి మిథైల్ ఐసోసైనేట్ వాయువు వెలువడి వేలమంది మరణించారు. ఆ కంపెనీలో అమెరికాకు చెందిన యూనియన్ కార్బైడ్ కార్పొరేషనుకు 50.9 శాతం వాటా ఉండేది. బాధితుల తరఫున భారత ప్రభుత్వం, బహుళజాతి సంస్థను ఒకే సంస్థగా చూడాలని, ప్రమాదకరమైన పరిశ్రమను నియంత్రించే మాతృసంస్థదే బాధ్యత అని వాదించింది. భారత కంపెనీ వేరైనదని, దాని నిర్వహణ భారతీయుల చేతిలో ఉన్నదని మాతృసంస్థ వాదన. 1986 మేలో న్యూయార్కు న్యాయస్థానం ఈ కేసులను భారతదేశంలోనే విచారించాలని పంపివేసింది. 1987 డిసెంబరులో భోపాల్ జిల్లా న్యాయస్థానం 350 కోట్ల రూపాయల మధ్యంతర పరిహారానికి ఆదేశించగా, 1988 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని 250 కోట్లకు తగ్గించింది. 1989 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఎదుట 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. దీనితో మాతృసంస్థ బాధ్యత ఎంతవరకు అన్న ప్రశ్నకు పూర్తి విచారణ తరువాత వచ్చే తుది తీర్పు రాలేదు. 2010 జూన్‌లో భోపాల్ న్యాయస్థానం దోషులుగా నిర్ణయించినది భారత కంపెనీని, దాని భారతీయ అధికారులను మాత్రమే. అదనపు పరిహారం కోరుతూ కేంద్ర ప్రభుత్వం వేసిన పిటిషనును 2023 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

తరువాతి కాలంలో బ్రిటిష్ న్యాయస్థానాలు వేరొక మార్గాన్ని అనుసరించాయి. కంపెనీ ముసుగును తొలగించకుండానే, మాతృసంస్థ తాను స్వయంగా చేసిన పనులకు తానే బాధ్యత వహించాలని అవి చెప్పాయి. 2012లో చాండ్లర్ కేసులో, అనుబంధ సంస్థలో ఆస్‌బెస్టాస్ ధూళి వలన జబ్బుపడిన కార్మికుని పట్ల మాతృసంస్థకు జాగ్రత్త వహించే బాధ్యత ఉన్నదని తీర్పు వచ్చింది. 2019 ఏప్రిల్ 10న బ్రిటన్ సుప్రీంకోర్టు వేదాంత కేసులో, జాంబియాలోని కొంకోలా రాగి గనుల కాలుష్యం వలన నష్టపోయామన్న 1,826 మంది గ్రామస్థుల దావాను ఇంగ్లాండులో విచారించవచ్చునని నిర్ణయించింది. మాతృసంస్థ అనుబంధ సంస్థ నిర్వహణలో ఎంతవరకు జోక్యం చేసుకున్నది, పర్యవేక్షించింది అన్నదే ముఖ్యమని కోర్టు పేర్కొన్నది. సమూహం అంతటా పర్యావరణ ప్రమాణాలను తామే అమలు చేస్తామని మాతృసంస్థ ప్రచురించిన పత్రాలను కూడా పరిగణనలోకి తీసుకున్నది. 2021లో ఈ దావా బాధ్యతను అంగీకరించకుండానే రాజీతో ముగిసింది.

భారత సుప్రీంకోర్టు 2012 జనవరి 20న వొడాఫోన్ పన్ను కేసులో, మాతృసంస్థ సలహాలు, ప్రభావం ఉన్నంత మాత్రాన అనుబంధ సంస్థ తన స్వతంత్ర అస్తిత్వాన్ని కోల్పోదని అభిప్రాయపడింది.

డైరెక్టర్ల కర్తవ్యం

మాతృసంస్థ నియమించినా, అనుబంధ సంస్థ డైరెక్టరు కర్తవ్యం అనుబంధ సంస్థ పట్లనే. 166వ సెక్షన్ ప్రకారం అతడు కంపెనీ, వాటాదారులందరూ, ఉద్యోగులు, సమాజం, పర్యావరణం వీటి మేలు కోరి నడుచుకోవాలి. పై నుండి వచ్చిన ఆదేశాన్ని పాటించానన్నది ఒక్కటే అతనికి రక్షణ కాదు. అందుచేత మాతృసంస్థ ఆదేశాలను బోర్డు చర్చించి, కారణాలను మినిట్స్‌లో నమోదు చేయడం మంచి పద్ధతిగా భావిస్తారు.

మొత్తం మీద మాతృసంస్థ ముందు రెండు దారులున్నాయి. పట్టు వదిలితే అనుబంధ సంస్థలో జరిగే తప్పులు తెలియవు. పట్టు బిగించిన కొద్దీ ఆ తప్పులకు తానే బాధ్యురాలయ్యే అవకాశం పెరుగుతుంది. నియంత్రణ లేదని చెప్పి బాధ్యత తప్పించుకోవడం, నియంత్రణ ఉన్నదని చెప్పి లాభం తీసుకోవడం - ఈ రెండూ ఒకేసారి సాగకుండా చూడడమే కంపెనీ చట్టాలు, న్యాయస్థానాలు ఇంకా పరిష్కరించవలసిన సమస్య.

ఇవి కూడా చూడండి

* భోపాల్ దుర్ఘటన
* భారతీయ స్టేట్ బ్యాంకు
* కంపెనీల చట్టం, 2013
* సింగరేణి కాలరీస్
* సెబీ